జేబుగుడ్డల మీద ఎర్రమరకలు

రాయదుర్గంలో ఒక జీన్స్ యూనిట్లో ప్యాంట్లకు జేబులు కుట్టేది హేమావతి. మొగుడు తిప్పేష్ వేరే యూనిట్లో ఇస్త్రీ పని. 2002 ఎండాకాలంలో ఒకరోజు ఆమె పళ్లు తోముకుంటే నురగ ఎర్రగా వచ్చింది.

అత్త గంగాదేవి చూసి, ఒంట్లో వేడి అని తేల్చి, కోడిగుడ్లు, సెనక్కాయలు, ఆఖరికి పండ్లు కూడా మాన్పించింది. పక్కింటి నల్లమ్మ పేస్టే విషమని ఇటుకపొడి, ఉప్పు కలిపి ఇచ్చింది. దాంతో రెండురోజులు గట్టిగా రుద్దేసరికి నురగలో తెలుపనేదే మిగల్లేదు. వీధిచివర సూదిమందు డాక్టరు నోరు చూడకుండానే రక్తం ఎక్కువైందని సూదేసి, మరుసటి వారం రక్తం తక్కువైందని టానిక్ సీసా చేతిలో పెట్టినాడు.

ఇంతలో యూనిట్లో తెల్ల జేబుగుడ్డల మీద ఎర్రమరకలు కనపడినాయి. సూపర్‌వైజర్ నారాయణ హత్యకేసు దొరికినంత హుషారుగా టార్చిలైటు తెచ్చి, ఆడోళ్లందరినీ వరసగా నిలబెట్టి నోళ్లు తెరిపించినాడు. హేమావతి దగ్గర ఆగిపోయినాడు.

"నువ్వేనా? పళ్లతో దారం కొరికి కొరికి గుడ్డకు రక్తం పూస్తాండావా?"

"గుడ్డకు యాడ తగిలిందన్నా? నేను చూసుకుంటానే ఉండా."

"నా చిగుళ్లు చూడు. పదైదేండ్లుగా గుట్కా నములుతాండా. ఒక్క చుక్క రాలేదు. చిగురంటే ఇట్లుండాల! నీది అంటురోగమేమో. డాక్టరు చీటీ తెచ్చేదాకా మిషన్ ముట్టుకోవద్దు."

హేమావతి వాదన పెంచకుండా సంచి తీసుకుని బయటపడింది. ఆమెకు మూడోనెల. కడుపుతో ఉన్నట్టు తెలిస్తే ఆ యూనిట్లో "రెస్టు తీసుకోమ్మా" అని ఎంతో ప్రేమగా ఇంటికి పంపేవాళ్లు. మళ్లీ పిలిచేవాళ్లు కాదు.

మరునాడు తిప్పేష్ ఆమెను పళ్ల డాక్టరమ్మ ఇంద్రాణి దగ్గరికి తీసుకుపోయినాడు. ఆమె నోరు చూసి మెల్లగా అడిగింది, "నెల తప్పిందా?"

హేమావతి అదిరిపడింది. "మీకెట్ల తెలిసె మేడమ్?"

"కడుపుతో ఉన్నోళ్లకు చిగుళ్లు తొందరగా వాస్తాయి. దానికి తోడు పళ్ల మొదట్లో గార పట్టింది. చాలామందికి రక్తం వచ్చేది ఆ గారతోనే. ఇటుకపొడితో రుద్ది నువ్వే ఇంకా పుండు చేసుకున్నావు. పండ్లు మానొద్దు, మెత్తని బ్రష్షు వాడు. దారం కొరికితే పళ్లు అరుగుతాయి, కత్తెర పట్టుకో."

గార తీసేసి, "అంటురోగం కాదు" అని మాత్రం చీటీ రాసిచ్చింది.

హేమావతి ఇంట్లో ఉన్న ఆ రెండురోజుల్లో జేబుగుడ్డల మీద మరకలు తగ్గలేదు సరికదా, పెరిగినాయి. యజమాని పెద్దన్న స్వయంగా వచ్చి నిలబడినాడు. ఆయన ముందర నారాయణ గట్టిగా అదిలిస్తాంటే, నోట్లోనుంచి గుట్కా ఎర్రతుంపర ఎగిరి ఎదురుగా ఉన్న గుడ్డ మీద పడింది. అందరికంటే పాత మనిషి రామసుబ్బమ్మ ఆ గుడ్డను మడతపెట్టి పెద్దన్న చేతికిచ్చింది.

"ఏమప్పా నారాయణా, ఆ టార్చిలైటు ఇట్లియ్యి. నోరు తెరువు," అన్నాడు పెద్దన్న.

నారాయణ కూడా డాక్టరమ్మ దగ్గరికి పోకతప్పలేదు. "రక్తం రాలేదని మురిసిపోవద్దు," అనిందామె. "పొగాకు రక్తాన్ని కనపడనియ్యదు, లోపల ఎముకను తినేస్తాది. మూడు పళ్లు పీకాల."

పళ్లు పీకినాక వారమంతా ఆయన నోట మాట రాలేదు. ఆ వారం యూనిట్లో ఎప్పటికంటే ఎక్కువ ప్యాంట్లు తయారైనాయి.

హేమావతి మళ్లీ పనిలో చేరింది. ఆరోనెలకు కడుపు కనపడింది. పెద్దన్న దగ్గరికొచ్చి, గొంతు మెత్తగా చేసుకుని, "రెస్టు తీసుకోమ్మా" అన్నాడు.

"కూర్చుని కుట్టేదే గదన్నా. నాకు రెస్టు కావాల్సినప్పుడు నేనే చెప్తా."

పెద్దన్న ఇంకేదో అనబోయినాడు. రామసుబ్బమ్మ మిషన్ ఆపింది. పక్కనున్నోళ్లూ ఆపినారు. బయట లారీ సరుకు కోసం నిలబడి ఉండాది. పెద్దన్న లారీని చూసినాడు, ఆడోళ్లను చూసినాడు, "సరే, కుట్టుకోండి" అని వెళ్లిపోయినాడు.

ఎనిమిదోనెల దాకా కుట్టి ఆమె పుట్టింటికి బస్సెక్కింది. ఆడపిల్ల పుట్టింది. కాన్పు తర్వాత చిగుళ్ల రక్తం నిలిచిపోయింది. తిరిగొచ్చి మిషన్ ముందు కూర్చునేసరికి, ఇంకో ఇద్దరు కడుపుతో ఉన్నామని దాచకుండా చెప్పి పనిచేస్తాండారు.