చిల్లుల పతంగి

మా ఆయన కమలాకర్ ఏ వస్తువూ తొందరపడి కొనే మనిషి కాదు. ప్రెషర్ కుక్కర్ కావాలని నేనడిగితే, ఇంటర్నెట్‌లో దాన్ని కొన్నవాళ్ళ తిట్లూ పొగడ్తలూ అన్నీ చదివి, రెండు రకాల మధ్య ఊగి ఊగి, చివరికి నాకు పప్పు మీద ఆశ చచ్చాక తెచ్చారు. అలాంటి మనిషి నాలుగు దారాల గాలిపటాన్ని మాత్రం పావుగంటలో కొనేశారు. పతంగుల సంగతి తనకు ఇంకొకరు చెప్పక్కర్లేదని ఆయన నమ్మకం.

నమ్మకానికి ఆధారం లేకపోలేదు. ఆయన హైదరాబాద్ ఉప్పుగూడలో డాబాల మీద పెరిగారు. చూపుడువేలి మీద మాంజా కోసిన గీత ఇప్పటికీ ఉంది. ఆఫీసులో టీమ్ లీడ్ అయ్యానని చెప్పినప్పటి కంటే ఆ గీత చూపించేటప్పుడే ఛాతీ ఎక్కువ పొంగుతుంది. మాది కాకినాడ. నేను గాలిపటం అంటే ఆయన పతంగి అని దిద్దుతారు. గాలిపటం పిల్లల ఆటట, పతంగి మగాళ్ళ యుద్ధమట.

ఈ యుద్ధంలో ఆయనకు దొరికిన జోడీ సయీద్. జర్మనీలో, లైప్‌జిగ్‌లో మేం దిగిన కొత్తలో ఒక రోజు ట్రామ్‌లో ఫోన్‌లో తెలుగు మాట్లాడుతూ కనిపించాడు. ఊరేదంటే లాల్‌దర్వాజా అన్నాడు. ఇద్దరి డాబాల మధ్య దూరం ఒక పతంగి ఎగిరేంత. చిన్నప్పుడు ఒకరి పతంగి ఒకరు కోసే ఉంటామని ఆ ట్రామ్‌లోనే తేల్చుకున్నారు. ఎవరు ఎవరిది కోశారన్నది మాత్రం ఇన్నేళ్ళయినా తేలలేదు. మా ఇంట్లో బిర్యానీ తిన్నా, వాళ్ళింట్లో పులిహోర తిన్నా ఆ తగువు ఉండాల్సిందే.

2020 డిసెంబరులో సయీద్‌కి కరోనా వచ్చింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నన్నాళ్ళూ మేము ఫోన్ మోగితే భయపడ్డాం. జనవరి చివర్లో ఇంటికొచ్చాడు. ఊపిరితిత్తులు మెల్లగా కోలుకుంటాయి, కానీ రోజూ బయటికి వెళ్ళాలి, చేతులు ఆడించాలి, పరుగులు మాత్రం వద్దు అన్నారు డాక్టర్లు. సయీద్ బయటికి వెళ్ళడం కాదు గదా, బాల్కనీ తలుపు కూడా తీయనివ్వలేదు. నలుగురిలో ఆయాసపడి కూలబడతానేమోనని భయం. రోజంతా వేలికి ఆక్సిజన్ చూసే మిషన్ తగిలించుకుని, దాని మీది అంకె కేసి చూస్తూ కూర్చునేవాడు.

"మాట్లాడట్లేదు అక్కా," అంది వాళ్ళావిడ ఫహ్మీదా నాతో ఫోన్‌లో. "ఇట్లనే కూర్చుంటే ఊపిరి వాపస్ రాదని డాక్టర్ చెప్పిండు. నేను చెప్తే వినడు. మీరన్న ఏదన్న చెయ్యిండ్రి."

ఆ మాట మా ఆయన గుండెలో గుచ్చుకుంది. సరిగ్గా అప్పుడే ఊరికి దక్షిణాన, పాత బొగ్గు గనిని నీళ్ళతో నింపి చేసిన చెరువు దగ్గర ఒక విచిత్రం చూశారు. ఒకాయన నిలబడిన చోటు కదలకుండా గాలిపటం ఎగరేస్తున్నాడు. రెండు చేతుల్లో రెండు పిడులు, ఒక్కో పిడికి రెండేసి దారాలు. పై దారాలు లాగితే పైకి పోతోంది, కింది దారాలు లాగితే వెనక్కి నడుస్తోంది, మధ్యలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతోంది. నేల మీద దించి, ఎవరూ ఎత్తి వదలకుండానే మళ్ళీ లేపుతున్నాడు.

"ప్రవీణా, ఇది సయీద్ కోసమే పుట్టింది," అన్నారు ఇంటికొస్తూనే. "ఉరుకుడు లేదు, దుంకుడు లేదు. నిలబడి ఎగరేసుడే."

మార్చిలో దుకాణాలు తెరిచారు గానీ టెర్మిన్, అంటే ముందే తీసుకున్న అపాయింట్‌మెంట్, ఉంటేనే లోపలికి రానిస్తున్నారు. ఒక శనివారం టెర్మిన్ దొరికింది. దుకాణం ఆవిడ రెండు పతంగులు బల్ల మీద పరిచింది. ఒకటి నిండుగా బట్టతో ఉంది. రెండోదానికి పై అంచు పొడవునా దోమతెర లాంటి జాలీ. మా ఆయన మొదటిదాన్ని తీసుకుని, ధూల్‌పేట పతంగుల దుకాణాల్లో చేసినట్టే, పుల్ల వంపు చూడడానికి నెత్తి మీద పెట్టి వంచబోయారు. ఆవిడ కెవ్వుమని చెయ్యి పట్టుకుంది. అది వెదురు కాదు, కార్బన్ పుల్ల, అలా వంచితే విరుగుతుందట.

తర్వాత ఎగరేసేది ఎవరని అడిగింది. "నేనే," అన్నారు ఈయన, సయీద్ పేరెత్తకుండా. చెరువు దగ్గర వసంతంలో గాలి గట్టిగా ఉంటుంది, అన్‌ఫేంగర్‌కి, అంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళకి, జాలీ ఉన్నదే మంచిది అంది ఆవిడ. ఆ మాటతో మా ఆయన ముఖం మాడిపోయింది.

"అన్‌ఫేంగర్ అంట! నేనంట!" అన్నారు నా చెవిలో. "సూసినవా, చిల్లులు పడ్డ మాల్ మనకు అంటగడుతున్నది."

ఆయన బాధ నాకు అర్థమైంది. ఉప్పుగూడలో పతంగికి పిన్నీసు దూరేంత చిల్లు పడినా అన్నం మెతుకులతో కాగితం అతికిస్తే గానీ ఎగరెయ్యరు. చిరిగిన పతంగి పట్టుకుని డాబా ఎక్కితే పక్క డాబాలవాళ్ళు బతకనివ్వరు. అలాంటిది డబ్బిచ్చి, కావాలని చిల్లులున్నది కొనడమా? నిండు బట్టదే కొన్నారు. కుక్కర్ కోసం అంత చదివిన మనిషి దీని గురించి ఒక్క ముక్క చదవలేదు.

రెండిళ్ళవాళ్ళు బయట కలుసుకోవచ్చని ఆంక్ష సడలగానే సయీద్‌ని బతిమాలి చెరువు దగ్గరికి తీసుకెళ్ళాం. గాలి మా టోపీలు ఎగరగొడుతోంది. ముందు మా ఆయన పట్టుకున్నారు. పతంగి పక్కకి ఒరిగితే అలవాటు కొద్దీ దారం వదలబోయారు. వదలడానికి చేతిలో దారం చుట్టిన చరఖా ఏది? తర్వాత గట్టిగా గుంజారు. అది నేలకి గుద్దుకుంది. అయినా ఓటమి ఒప్పుకోకుండా, "ఇంగ నువ్ పట్టు," అని పిడులు సయీద్ చేతిలో పెట్టారు.

పతంగి లేచింది. సయీద్ ముఖంలో చాలా నెలల తర్వాత నవ్వు చూశాను. అంతలో పెద్ద గాలి వచ్చింది. నిండు బట్ట పొట్టంతా గాలి నింపుకుని సయీద్‌ని ముందుకి లాక్కుపోయింది. పిడులు వదిలేస్తే సరిపోయేది. కానీ లాల్‌దర్వాజా పిల్లాడు చేతిలో దారం ఎలా వదులుతాడు? వదలకుండానే పరిగెత్తాడు, మోకాళ్ళ మీద పడ్డాడు, దగ్గు అందుకుంది. ఊపిరి తీసుకోలేక గడ్డి పట్టుకుని వంగిపోయాడు.

ఫహ్మీదా అతని వీపు రాస్తూ మా ఆయన వైపు తిరిగింది. "భాయ్, మీకిది ఆట. ఆయనకు పానం," అంది. ఏడుస్తూ అనలేదు. అందుకే మరీ తగిలింది.

ఆ రోజు నుంచి సయీద్ ఫోన్ ఎత్తలేదు. ఫహ్మీదా కూడా ముక్తసరిగా మాట్లాడి పెట్టేసేది. బాల్కనీ తలుపు మళ్ళీ మూతపడిందని నాకు తెలుసు. మా ఆయన అన్నం ముందు కూర్చుని కెలికి లేచేవారు. నాకు ఆయన మీద కోపం, జాలి రెండూ వచ్చాయి. కోపమే ముందు బయటపడింది.

"కుక్కర్‌కి చదివారు, దుప్పటికి చదివారు. ఒక మనిషి ఊపిరి అప్పజెప్పే వస్తువుకి చదవలేకపోయారా అండీ?" అన్నాను.

ఆయన ఆ రాత్రే చదవడం మొదలుపెట్టారు. వారంలో నాలుగు దారాల పతంగుల మీద జర్మన్‌లో, ఇంగ్లీషులో ఉన్నదంతా నమిలేశారు. ఇడ్లీ తింటుండగా ఒకసారి ఆగి, "గాలి పోనీకే పెట్టిండ్రు ప్రవీణా చిల్లులు," అన్నారు. "ఎక్కువైన గాలి అందులకెల్లి ఎల్లిపోతది. చేతుల మీద బరువు పడది." తనలో తనే సిగ్గుపడ్డారు. మళ్ళీ టెర్మిన్ తీసుకుని వెళ్ళి, ఈసారి ఎగరేసేది ఎవరో నిజం చెప్పారు. జాలీది అయితే కుర్చీలో కూర్చుని కూడా ఎగరెయ్యొచ్చని ఆవిడ చెప్పిందట. తల వంచుకుని చిల్లుల పతంగి తెచ్చుకున్నారు.

ఆ తర్వాత రోజూ ఆఫీసు కాల్స్ అవగానే చెరువు దగ్గరికే. జూన్‌లో ఒక ఆదివారం, "సయీద్ ఇంటి దిక్కు పోదాం పా," అన్నారు. గ్రూనావ్‌లో వాళ్ళుండే బిల్డింగ్ వెనక పెద్ద గడ్డి మైదానం ఉంది. వాళ్ళ బాల్కనీ మూడో అంతస్తులో అటువైపే. తలుపు మూసే ఉంది. మా ఆయన దారాలు పరిచి పతంగిని లేపారు. అంతా ముందే వేసుకున్న పథకమని తర్వాత అందరికీ చెప్పుకున్నారు గానీ, పక్కనే ఉన్నదాన్ని నేను, పథకమూ లేదు పాడూ లేదు. క్షమాపణ అడగడానికి వచ్చి, గంట కొట్టే ధైర్యం చాలక పతంగి ఎగరేశారు.

అది కూడా సరిగ్గా ఎగరెయ్యలేదు. బిల్డింగుల మధ్య గాలి ఒక పద్ధతిలో రాదు. పతంగిని బాల్కనీ ఎదురుగా నిలపాలని చూస్తే అది తాగినవాడిలా ఊగుతోంది. పరదా కదిలింది. కాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుంది. లోపల నీడలో సయీద్ నిలబడి చూస్తున్నాడు. మా ఆయన మరీ కంగారుపడి ఎడమ చెయ్యి గుంజారు. పతంగి గిర్రున తిరిగింది.

పాతబస్తీవాళ్ళకి ఒక జబ్బుంది. పక్కవాడు పతంగి తప్పుగా ఎగరేస్తుంటే నోరు మూసుకుని చూడలేరు. డాబా మీద ఎవరున్నా, శత్రువైనా సరే, అరిచి చెప్పాల్సిందే.

"అరే కమలాకర్!" సయీద్ బాల్కనీలోకి వచ్చేశాడు. "ఎడమ చెయ్యి గుంజకు! గుంజకు అంటున్న గదా!"

అరిచాడు, దగ్గాడు, కమ్మీ పట్టుకుని వంగాడు. వెనకనుంచి ఫహ్మీదా వచ్చి భుజం పట్టుకుంది. సయీద్ ఊపిరి కూడగట్టుకుని మళ్ళీ తలెత్తాడు.

"ఏందిరా గట్ల పట్టుకున్నవ్, బస్సు స్టీరింగా అది? ఆగు. నేనే వస్తున్న."

లిఫ్టు దిగి వచ్చాడు. పైజామా మీద చలికోటు, ముఖానికి మాస్కు. వెనకాల ఫహ్మీదా మడత కుర్చీ, నీళ్ళ సీసా మోసుకొచ్చింది. నా వైపు చూసింది గానీ మా ఆయన వైపు చూడలేదు. సయీద్ కుర్చీలో కూర్చుని పిడులందుకున్నాడు.

"గాలి ఎక్కువైతే ఇడిచిపెట్టు భాయ్. ఇడిస్తే ఇజ్జత్ పోదు," అన్నారు మా ఆయన మెల్లగా.

"నువ్ జెప్తవా నాకు?" అన్నాడు సయీద్. జాలీ చూసి, "చిరిగిందేందిరా ఇది?" అన్నాడు.

"చిరగలే. గట్లనే కుడతరు."

పతంగి లేచింది. ఒక గాలి విసురు వచ్చింది. ఫహ్మీదా చెయ్యి కుర్చీ వెనక బిగుసుకుంది. విసురు జాలీలోంచి సర్రున వెళ్ళిపోయింది, పతంగి కొంచెం వణికి నిలబడింది. సయీద్ కుర్చీలోంచి కదల్లేదు. రెండో విసురూ అలాగే పోయింది. తర్వాత పతంగిని మెల్లగా వెనక్కి నడిపించి గడ్డి మీద దించాడు. మళ్ళీ లేపాడు. కుక్కను తిప్పుతున్న ఒక ముసలావిడ ఆగి చూసింది. సయీద్ ఆయాసం ఆమెకి వినిపించే ఉంటుంది. అతను పట్టించుకోలేదు.

చాలాసేపటికి పిడులు మా ఆయనకు తిరిగిచ్చాడు.

"బాగనే ఉంది. కానీ ఇది నువ్ ఎంచిన పతంగి," అన్నాడు. "నా పతంగి నేను చూసుకుని, నేను ఎంచుకుని కొంట. ఆ దుకాణంల నాకు టెర్మిన్ తియ్యిండ్రి."

"ఎప్పటికి?" అంది ఫహ్మీదా.

"రేపు దొరికితే రేపే."

ఫహ్మీదా వెంటనే ఫోన్ తీసింది. ఇంటర్నెట్‌లో ఆ దుకాణం టెర్మిన్ పేజీ తెరిచి, పేరు కొట్టబోతూ తప్పు నొక్కింది, మళ్ళీ నొక్కింది. చివరికి ఫోన్ మా ఆయన చేతిలో పెట్టి, "మీరే చెయ్యిండ్రి భాయ్, నాకు అక్షరాలు కనవడ్తలేవు," అని కళ్ళు తుడుచుకుంది.