తొండకు ఇల్లు చూడబోయి తిన్న టిఫిన్లు

మా అమ్మాయి మొదట అడిగింది ఊసరవెల్లిని. ఆస్ట్రేలియాలో మామూలు మనుషులు ఇంట్లో ఊసరవెల్లిని పెంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఈ సంగతి తెలిసిన రోజున ఈ దేశపు చట్టసభలన్నిటికీ మనసులోనే సాష్టాంగ నమస్కారం చేశాను. ఆ ఆనందం భోజనాల దాకా కూడా నిలవలేదు. ఊసరవెల్లికి దూరపు చుట్టం ఒకటి ఇక్కడే పుట్టి పెరిగినది ఉందనీ, లైసెన్సు తీసుకుని దాన్ని పెంచుకోవచ్చనీ, పేరు బియర్డెడ్ డ్రాగన్ అనీ అమ్మాయి అన్నం కలుపుకుంటూ చెప్పింది. పేరు వింటే నిప్పులు కక్కే బాపతు అనిపిస్తుంది గానీ, ఫోటో చూస్తే గడ్డం నిండా ముళ్ళున్న తొండ. మా గుంటూరు గోడల మీద తల ఎగరేస్తూ కూర్చునే తొండకు వీసా వచ్చి, ఇక్కడి తిండికి ఒళ్ళు చేస్తే ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది.

ఈ తొండ పిల్లల్ని పెంచి ఇచ్చే ఆవిడ రిచ్‌మండ్ అవతల ఉంటుంది. ఆవిడ దగ్గర మా అమ్మాయి నిరుడే పేరు రాయించుకుని, తన వంతు కోసం ఆకాశంలో నక్షత్రాలన్నీ లెక్కపెట్టేసింది. తీరా వంతు వచ్చాక ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: ముందు ఇల్లు, తరవాతే తొండ. ఇల్లు నాలుగడుగుల పొడవుండాలి. ఒక కొసన దీపం కింద నలభై డిగ్రీల వేడి, ఇంకో కొసన చల్లదనం ఉండాలి. గాలి ఆడాలి. తలుపు ముందువైపే ఉండాలి. గొళ్ళెం గట్టిగా పడాలి. ఆదివారం సాయంత్రానికల్లా ఫోటో పంపితే పిల్ల మాది. లేకపోతే వరసలో తరవాతి వాళ్ళది. నేను సిడ్నీలో దిగిన కొత్తల్లో నాకు అద్దెకిచ్చిన గదిలో గాలి ఆడుతుందా లేదా అని ఒక్క ప్రాణి అడిగిన పాపాన పోలేదు.

కొత్తది ఆర్డరిస్తే వచ్చేసరికి వారాలు పడుతుందని షాపు వాళ్ళు చెప్పారు. అందుకని మా ఏరియా తెలుగు వాళ్ళ గ్రూపులో, ఎవరి దగ్గరైనా పాతది ఉందా అని అడిగాను. అలా అడగడంలో తప్పు లేదు. తప్పంతా చూడడానికి వెళ్ళడంలో ఉంది.

మొదటి ఇల్లు కెల్లీవిల్‌లో. శనివారం పొద్దున్నే ఊరికే చూసి వద్దామని ఒక్కణ్ణే వెళ్ళాను. తలుపు తీసీ తియ్యగానే, "రండి రండి అన్నయ్యగారూ, ముందు టిఫిన్ చేద్దురుగాని, పెట్టె ఎక్కడికి పోతుంది?" అన్నారు ఆ ఇల్లాలు. పెసరట్టు వచ్చింది. అందులో ఉప్మా ఉంది. పక్కన అల్లం పచ్చడి ఉంది. రెండోది వద్దనేలోపే పళ్ళెంలో పడింది. అంతా అయ్యాక గ్యారేజీలోకి తీసుకెళ్ళి చూపించింది ఒక చేపల తొట్టి. ఒకరింట రెండు పెసరట్లు తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలుకు తుడుచుకుని, "ఇది నాకు పనికిరాదండీ" అనగలిగిన మగాణ్ణి మా వంశంలో ఏడు తరాలు వెనక్కి వెళ్ళి వెతికినా మీకు దొరకడు. తొట్టి కారెక్కింది.

"నాన్నా, దట్స్ ఎ ఫిష్ ట్యాంక్," అంది అమ్మాయి.

"చేపలేవీ లేవుగా? ఇంక ఫిష్ ట్యాంక్ ఎలా అవుతుంది?"

అమ్మాయి ఫోటో తీసి రిచ్‌మండ్ ఆవిడకు పంపింది. జవాబు వెంటనే వచ్చింది. దీనికి తలుపు పైన ఉంది. పైనుంచి చెయ్యి దిగితే తొండకు డేగ దిగినట్టు ఉంటుంది. రోజూ ఆకులు పెట్టినప్పుడల్లా దాని ప్రాణాలు పోయి వస్తుంటాయి. వద్దు.

రెండో ఇంటికి అదే రోజు మధ్యాహ్నం వెళ్ళాను. ఈసారి కడుపు నింపుకునే వెళ్ళాను, ఎవరేం పెట్టినా వద్దనవచ్చని. వాళ్ళు పెట్టింది చేగోడీలు. చేగోడీకి కడుపులో చోటు అక్కర్లేదు, చెయ్యి ఖాళీగా ఉంటే చాలు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా డబ్బా అడుగు కనిపించింది. ఆ తరవాత డికాషన్ కాఫీ వచ్చింది. సాయంత్రానికి మా గ్యారేజీలో తొట్టి పక్కన నిలువెత్తు జాలీ పంజరం నిలబడింది. వాళ్ళ పిల్లలు అందులో చిలకల్ని పెంచారట. చుట్టూ జాలీయే కాబట్టి దీపం వేడి వేసింది వేసినట్టే బయటికి పోతుంది. ఊసరవెల్లి అయితే ఇలాంటిదే కావాలి గానీ డ్రాగన్‌కు పనికిరాదని రిచ్‌మండ్ ఆవిడ మళ్ళీ రాసింది. చట్టం ఒప్పుకోని జంతువుకు మాత్రం ఇంద్రభవనం సిద్ధం చేసి పెట్టాను.

మా ఆవిడ గ్యారేజీ గుమ్మంలో నిలబడి రెంటినీ చూసింది. "ఏమండీ, ఇంకో ఇంట్లో టిఫిన్ చేశారంటే కారు రోడ్డు మీద పెట్టుకోవాలి," అంది.

అమ్మాయి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు గట్టిగా పడి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. మెల్లగా వేసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం మూడో కబురు వచ్చింది. మేముండే ద పాండ్స్‌లోనే, నాలుగు వీధుల అవతల ఇల్లు. ఈసారి అమ్మాయి టార్చిలైటు, కొలత టేపు పట్టుకుని నాతో బయలుదేరింది. వాళ్ళింటి ముందు కారు ఆపాక దిగనివ్వలేదు.

"నాన్నా, లిజన్. నో ఈటింగ్. నో డ్రింకింగ్. నాట్ ఈవెన్ వాటర్."

"మంచినీళ్ళు కూడానా? మరీ బాగుండదే!"

"ప్రామిస్ మీ."

కన్నకూతురికి మాటిచ్చి దిగాను. గుమ్మంలోనే మిరపకాయ బజ్జీల వాసన ఎదురొచ్చి కౌగిలించుకుంది.

తలుపు తీసిన ఆవిడది వరంగల్. "రా అన్నా, రా. ఏం బిడ్డా, నువ్వేనా డ్రాగన్ తెచ్చుకునేది? కూసోండ్రి, చాయ్ పెడత."

"వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాం."

పెట్టె వెనక గదిలో, కిటికీ పక్కన ఉంది. దాన్ని చూడగానే నాకు అర్థమైంది, నేను తెచ్చినవి రెండూ ఎందుకు ఇళ్ళు కావో. మందపాటి చెక్క. ముందువైపు జరిపే అద్దాలు, వాటికి చిన్న తాళం. అమ్మాయి బ్యాంకు లాకర్లు తనిఖీ చేసే అధికారిలా మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి ఒక్కో మూలా చూసింది. చెక్కల అతుకులన్నీ తడి దిగకుండా మూసి ఉన్నాయి. చల్లని వైపు కింద, వేడి వైపు పైన గాలి కన్నాలు ఉన్నాయి. తొండ ఒళ్ళు కాల్చుకోకుండా దీపానికి జాలీ తొడిగి ఉంది. అద్దం జరిపి చూసింది. వెన్నలో కత్తి దిగినట్టు జరిగింది. తాళం వేసి లాగింది. కదల్లేదు. టేపు పెట్టి కొలిచింది. నాలుగడుగులు దాటే ఉంది. నావైపు తిరిగి, ఆవిడకు కనిపించకుండా బొటనవేలు పైకెత్తింది. దాని చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు ఆనందం పట్టలేకపోతే అలాగే అయ్యేవి.

ఈలోపు బజ్జీల పళ్ళెం వచ్చింది.

"ఇప్పుడే దించిన. ఒక్కటి తీస్కో అన్నా."

"వద్దండీ, కడుపు నిండుగా ఉంది." ఈ వాక్యం పలకడానికి నాకు ఎంత బలం కావలసి వచ్చిందంటే, అంత బలంతో ఇల్లు పునాదులతో సహా ఎత్తవచ్చు.

"ఒక్కటే అన్నా."

"వద్దండీ."

"మంచినీళ్ళన్న తాగుతవా?"

"వద్దండీ."

"నువ్వు తీస్కో బిడ్డా."

"నో థ్యాంక్స్, ఆంటీ."

ఆవిడ పళ్ళెం బల్ల మీద పెట్టారు. పైటకొంగుతో పెట్టె అద్దం మీద లేని దుమ్ము తుడిచారు.

"ఇది మావోని డ్రాగన్‌ది అన్నా. వాడు అడిలైడ్‌ల యూనివర్సిటీకి పోయినంక నేనే లైటేసిన, నేనే ఆకులు కోసి పెట్టిన. మొదట్ల దాన్ని జూస్తెనే భయమయ్యేది. తర్వాత పొద్దుగాల నా అడుగు ఇనబడంగనే అద్దంకాడికి ఉరికొచ్చేది. ముసల్దై, నిరుడు పోయింది." బజ్జీల పళ్ళెం కొంచెం మా వైపు జరిపారు. "నిన్న బ్లాక్‌టౌన్ నుంచి ఎవరో ఫోన్ జేసిండ్రు. వాళ్ళు గూడ అడుగుతున్నరు. ఎవరికియ్యాల్నో జర సోంచాయించుకుంట."

"మేము ఇప్పుడే తీసుకెళ్తామండీ," అన్నాను.

"ఏమో అన్నా. ఇంటికొచ్చి నీళ్ళు గూడ ముట్టకపోతిరి. మీరెట్లాంటోళ్ళో నాకేం తెలుస్తది? ఎట్ల ఇయ్యాలె?"

నాకు నిజంగానే దాహం వేసింది. రెండిళ్ళలో తిని పనికిరాని పెట్టెలు తెచ్చినవాణ్ణి, మూడో ఇంట్లో తినక పనికొచ్చే పెట్టె పోగొడుతున్నాను. మాట తప్పుదామా వద్దా అని అమ్మాయి వైపు చూశాను. అది గోడ గడియారం వైపు చూస్తోంది. రిచ్‌మండ్ ఆవిడ పెట్టిన గడువు దగ్గర పడింది.

ఇక్కడొక విషయం చెప్పాలి. మా అమ్మాయి కారం తినదు. పప్పుచారులో ఎండుమిర్చి కనిపిస్తే పాము కనిపించినట్టు గిన్నె వెనక్కి తోస్తుంది. ఆ పిల్ల లేచి, బల్ల దగ్గరికి వెళ్ళి, పళ్ళెంలో అన్నిటికంటే పొడుగు బజ్జీ తీసుకుంది. కొరికింది. నమిలింది. మింగింది. కొరకడం, నమలడం, మింగడం, తొడిమ దాకా అదే పని. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ముక్కు సంగతి రాయను. నేను లేవబోతే చేత్తోనే కూర్చోమంది.

"బాగుంది ఆంటీ," అంది తెలుగులో. ఊపిరి పీల్చుకుని, "ఇంకోటి పెట్టండి," అంది.

ఆవిడ ఒక్క క్షణం దాన్ని చూసి, పకపకా నవ్వారు. "అయ్యో నా బంగారం! నీకు కారం అలవాటు లేదాయె! ఆగు, పెరుగు తెస్త!" అంటూ వంటింట్లోకి పరుగెత్తారు. పెరుగు గిన్నె తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టి, పక్కనే కింద కూర్చున్నారు. ఇద్దరూ ఆ పెట్టె ముందు కూర్చుని, ముసలి డ్రాగన్ ఏ ఆకు తినేదో, ఏది ఉమ్మేసేదో చెప్పుకున్నారు. బ్లాక్‌టౌన్ వాళ్ళ ప్రసక్తి మళ్ళీ రాలేదు.

"నాన్నా, యూ కెన్ ఈట్ నౌ," అంది అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ. తిన్నాను. ఎన్ని అన్నది మా కుటుంబ రహస్యం.

కారు వెనక సీట్లు మడిచి పెట్టె ఎక్కించాం. ఒక కొస ఆవిడే పట్టారు. ఇంటికి తెచ్చి దీపం వెలిగించి, రెండు కొసల్లోనూ వేడి కొలిచి, ఫోటో పంపితే రిచ్‌మండ్ ఆవిడ ఒకే ఒక్క మాట రాసింది: లవ్లీ. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఏ మేనేజరూ నా పనికి అంత మాట అనలేదు.

తొట్టినీ పంజరాన్నీ మళ్ళీ గ్రూపులో పెట్టాం. ఊరికే చూసి పోతామని వచ్చినవాళ్ళకు మా ఆవిడ ఇడ్లీ, సాంబారు వడ్డించింది. రెండూ ఆ పూటే వెళ్ళిపోయాయి. వెళ్ళేటప్పుడు తొట్టి తీసుకున్నాయన ముఖం చూస్తే నా ముఖం నేను చూసుకున్నట్టే ఉంది.

తరవాతి శనివారం తొండ వచ్చింది. నా అరచేతిలో సగం ఉంది. దీపం కింద రాయి మీద కూర్చుని, మా ముగ్గుర్నీ అద్దంలోంచి అనుమానంగా చూసింది. ఆకు పెడితే ముఖం తిప్పుకుంది. ఇంకో ఆకు పెడితే కళ్ళు మూసుకుంది. నాతో రెండు తెలుగు వాక్యాలు కలిపి మాట్లాడని మా అమ్మాయి పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆకు కొస మునివేళ్ళతో పట్టుకుని, మెల్లగా బతిమాలుతోంది:

"ఒక్కటే. మొహమాట పడకు. ఇది మనిల్లే."