టెంకాయ నీళ్ళు వరద కావట!

ఉద్యోగం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో లోకంలో అందరూ మాట మీద నిలబడతారని నాకొక పిచ్చి నమ్మకం ఉండేది. దాన్ని పోగొట్టినవాడు మా మేనమామ. చిత్తూరులో బీమా ఏజెంటు. మా ఇంటికి పాలసీ చేయిస్తూ నాయనతో ఆయనన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "ఇంట్లో పుల్ల కదిలినా కంపెనీ చూసుకుంటాది బావా!"

ఆ ఏడాదే బెంగళూరులోని ఒక చిన్న కంపెనీ నన్ను ఇంటి నుంచే పని చేయమంది. ల్యాప్‌టాప్ మాత్రం నాదే ఉండాలట. దసరా అయ్యాక సోమవారం పొద్దునకల్లా పనిలో కనిపించకపోతే ఉద్యోగం ఇంకొకరికి. సరేనని ఎంతో ముచ్చటపడి కొత్తది కొన్నాను. ఆయుధపూజ నాడు నాయన మామిడితోటకు మందు కొట్టే మిషను, కొడవళ్ళు, స్కూటరు వరసగా పెట్టి, "నీకు కూడు పెట్టేది అదే కదరా, దాన్నీ తెచ్చి పెట్టు" అన్నాడు. పెట్టాను. "మూసి పెడితే దేవుడికేం తెలస్తాది? తెరువు" అన్నాడు. తెరిచాను. పసుపు, కుంకుమ, బంతిపువ్వు అయ్యాక పక్కనున్న రాయి మీద టెంకాయ కొట్టాడు. (మా నాయన టెంకాయ కొడితే వీధి చివర కుక్కలు లేస్తాయి.) నీళ్ళన్నీ నేరుగా కీబోర్డు మీదికి పోయాయి. తెర ఒకసారి మెరిసి నల్లబడిపోయింది.

నేను లబోదిబోమంటుంటే మామ ఫోనులోనే ఎగిరి గంతేశాడు. "తుడవొద్దు! కుంకుమతో సహా అట్లే పెట్టు! నష్టం చూసేదానికి కంపెనీ సర్వేయరు వస్తాడు, కొత్తది వస్తాది!" నా ఏడుపు ఆ క్షణమే ఆగింది. సర్వేయరు వచ్చేలోపే కొత్తదాని రంగు కూడా ఎంచుకున్నాను.

శనివారం తిరుపతి నుంచి సర్వేయరు వచ్చి, బొట్టు పెట్టిన ల్యాప్‌టాప్‌ను చాలాసేపు చూశాడు.

"మంటలా? దొంగతనమా? వరదా?"

"టెంకాయ" అన్నాడు నాయన.

"అది పాలసీలో లేదండి."

నేను ఊరుకుంటానా? "నీళ్ళు లోపలికి వస్తే వరదే కద సార్?"

"వరదంటే వానకో, ఏరు పొంగో రావాలి బాబూ."

"ఇవీ పైనుంచే పడినాయి సార్! నాయన చెయ్యి ఎంత ఎత్తు లేసిందో మీరు చూడలేదు!"

ఆయన ఓపిగ్గా చెప్పాడు. టీవీ, ఫ్రిజ్ లాంటివి ఇంటి సామాను కింద వస్తాయట. అదీ మంటో దొంగతనమో వరదో అయితేనే. చేత్తో పట్టుకు తిరిగే ల్యాప్‌టాప్‌ను విడిగా చేర్పించాలి, ఇట్లా పొరపాటున పాడైన దానికి ఇంకో రక్షణ కూడా తీసుకోవాలి. మా పాలసీలో ఆ రెండూ లేవు.

నాయనకు రోషం వచ్చింది. "తిరిగేది ఇంటిది కాదంటే, పొద్దస్తమానం తిరిగే మావోడు ఎవరి లెక్కలోకి వస్తాడు సామీ?"

సర్వేయరు నవ్వి, గుగ్గిళ్ళు రెండోసారి పెట్టించుకుని మరీ వెళ్ళాడు. (నేనింకా మరిచిపోలేదు.)

వెంటనే మామ ఇంటి మీదికి పోయాను. "పుల్ల కదిలినా అన్నావే?"

"పుల్ల అన్నాను రా అబ్బోడా. ల్యాప్‌టాప్ అన్నానా?"

ఆ మాటకు ఆయన గడప తొక్కనని ఒట్టేసుకుని వచ్చేశాను. ఆదివారం మధ్యాహ్నం ఆయనే మా గడప తొక్కాడు. తన ల్యాప్‌టాప్ నా ఒళ్ళో పడేసి, "గమ్మున పని చేసుకో పో" అని కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. తెరిస్తే తెర నిండా ఆయనే. ఉత్తమ ఏజెంటుగా శాలువా కప్పించుకుంటూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. సోమవారం ఆ నవ్వు ముందు కూర్చునే ఉద్యోగం నిలబెట్టుకున్నాను. ఆ బొమ్మ తీసేయడం నాకు చేతకాక కాదు. జరిగిన అన్యాయం రోజూ కళ్ళముందు ఉండాలని ఉంచాను.

ఇప్పటికీ ఏ ల్యాప్‌టాప్ కొన్నా ముందు ఆ బొమ్మే పెడతాను. మామంటే ఎంత ప్రేమో అని మా ఆవిడ మురిసిపోతుంది. ప్రేమ కాదే, పగ అంటే నమ్మదు. ఈమధ్య నాకూ సరిగ్గా నమ్మకం కుదరడం లేదు.