హరిలాల్ వేయించిన గీత

హరిలాల్ గనిలోకి దిగేవాడు కాదు. దిగేవాళ్లను దింపేవాడు, మళ్లీ పైకి తెచ్చేవాడు. కొత్తగూడెం దగ్గర బొగ్గుగనిలో వైండింగ్ ఇంజన్ డ్రైవరు. తన గదిలో కూర్చుంటే, తాను తాడుతో దింపే ఇనుప పంజరం, కేజ్, కనిపించదు, అందులో ఎక్కిన మనుషులూ కనిపించరు. కింది నుంచి గంట మాత్రం మోగుతుంది. బొగ్గు టబ్బుల గంటకు అతని చెయ్యి ఒక తీరుగా కదిలేది, మనుషుల గంటకు మరో తీరుగా. అతను తెచ్చిన కేజ్ ఆగిందో లేదో గేటు చప్పుడైతే గానీ తెలిసేది కాదని కార్మికులు చెప్పుకునేవారు.

అలా అతను రోజూ పైకి తెచ్చేవాళ్లలో పంపు ఫిట్టరు సంపత్ ఒకడు. వయసులో చిన్నవాడు. అతన్ని గనిలోంచి పదిలంగా పైకి తేవడం, సాయంత్రం టెన్నిస్ కోర్టులో అతని చేతిలో ఓడిపోవడం హరిలాల్‌కు ఏళ్ల తరబడి అలవాటైపోయింది. ఆఫీసర్ల క్లబ్బు కోర్టులోకి కార్మికులను రానిచ్చిన ఏడాదే ఇద్దరూ రాకెట్ పట్టారు. అప్పటి నుంచి వార్షిక పోటీల్లో ఫైనల్ అంటే ఆ ఇద్దరే. సంపత్‌ది బలం, హరిలాల్‌ది ఓపిక. కప్పు మాత్రం ఎప్పుడూ సంపత్ ఇంటికే.

"మా ఇంట్ల అన్నీ రెండో బహుమతి షీల్డులే. కూరగిన్నెల మీద మూతలు పెడుతున్న," అనేది హరిలాల్ భార్య రూప్లి.

మొన్న జనవరిలో జరిగింది అతని ఆఖరి ఫైనల్. నెలాఖరుకు రిటైర్మెంటు. "వాణ్ని ఒక్కసారి ఓడగొట్టి దిగిపోత," అన్నాడు రూప్లితో. ఆ ఒక్కసారీ చూద్దామని ఆమె మొదటిసారి కోర్టుకు వచ్చింది.

హరిలాల్ షిఫ్టు దిగి కోర్టుకు చేరాడు. సంపత్ జాడ లేదు. కింద పంపు ఆగిపోయింది, నీళ్లు చేరుతున్నాయి, ఫిట్టరు వదిలి రాలేడు. షిఫ్టు దిగే ముందు ఆ కబురు ఫోనులో విన్నది హరిలాలే. పోటీల సెక్రటరీ వెంకటనారాయణకు అదే చెప్పాడు.

"రూలు రూలేనయ్యా. టైముకు రాకుంటే వాకోవర్, కప్పు నీకే. గెస్టులు కూసున్నరు, చూస్తలేవా?"

హరిలాల్ వెనక గీత దగ్గరికి నడిచి, బూటు కొనతో నేల గీకాడు.

"సార్, ఈ గీత కనిపిస్తలేదు."

"ఎన్నేండ్ల సంది గట్లనే ఉంది గద!"

"అందుకే అంటున్న. కోర్టు సరిగ్గ లేకుంటే టైము మొదలుగాదని మీ రూలే గద సార్. కొత్తగ సున్నం ఏపియ్యున్రి."

ఏనాడూ దేనికీ పేచీ పెట్టని మనిషి. వెంకటనారాయణ నోరు తెరిచాడు. సున్నం డబ్బా చూస్తే అడుగంటింది. ఎవరో బండి మీద పోయి తెచ్చారు. వెనక గీత అయ్యాక హరిలాల్ పక్క గీతలన్నాడు. అవయ్యాక నెట్ కిందికి జారిందన్నాడు.

"ఇగ పెండ్లి పందిరి గూడ ఏపియ్యమంటవా?" అన్నాడు వెంకటనారాయణ.

జనం పగలబడి నవ్వారు. రూప్లి నవ్వలేదు. "కప్పు చేతికొస్తుంటే ఈ మనిషి ఇంటికి సున్నమేసుకుంటుండేంది?" అంది పక్కామెతో, మొగుడికి వినిపించేలా.

ఆ మాట గుచ్చుకుంది. ఊరికే కుర్చీలో కూర్చున్నా కప్పు వచ్చేదే. కానీ సంపత్ లేకుండా దాన్ని తీసుకోవడం, ఖాళీ కేజ్ పైకి తెచ్చి మనుషులను తెచ్చానని చెప్పుకోవడంలా తోచింది అతనికి.

చివరికి సంపత్ వచ్చాడు. గని బూట్లతోనే, మొహం నిండా మసితో.

"ఏందన్నా, కప్పు పట్కపోలేదా ఇంక?"

"సున్నం ఆరలే. పో, మొఖం కడుక్కో, చాయ్ తాగు. నేనేడికి పోత?"

ఆట మొదలైంది. మొదటి సెట్ సంపత్‌ది, రెండోది హరిలాల్‌ది. మూడో దాంట్లో, ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, హరిలాల్ గెలుపుకు ఒక్క పాయింటు దూరంలోకి వచ్చాడు. సంపత్ బలంకొద్దీ కొట్టిన బంతి అతని తల మీదుగా వెనక్కి పోయింది. అవుటేనని జనం లేచి చప్పట్లు కొట్టారు. రూప్లి కూడా లేచింది. అంపైరు కళ్లలోకి ఎండ కొడుతోంది.

"అవుటేనా, హరిలాల్?"

బంతి పడినచోట తెల్లగా సున్నం లేచింది. అది చూసింది హరిలాల్ ఒక్కడే. పాత గీతైతే అతనికీ తెలిసేది కాదు.

"లోపలనే సార్. గీత మీదనే పడ్డది."

చప్పట్లు ఆగిపోయాయి. అక్కడి నుంచి ఆట సంపత్ వైపు తిరిగింది. కప్పూ అతనికే వచ్చింది. సున్నం సంగతి అప్పటికి ఎవరో సంపత్ చెవిన వేశారు. నెట్ దగ్గర అతను హరిలాల్ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"గా సున్నం ఏపియ్యకుంటే నువ్వే గెలుద్దువు గదన్నా?"

"అవ్," అన్నాడు హరిలాల్. "నువ్వు రాకున్నా గెలుద్దును."

ఇంటిదారి పొడుగునా రూప్లి ముందు నడిచింది. క్వార్టర్ మెట్ల దగ్గర షీల్డు అతని చేతిలోంచి తీసుకుని, కొంగుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది జర పెద్దగున్నది," అంది. "దీన్ని గిన్నె మీద మూత పెట్టను. గోడకు మేకు కొట్టు."