ఉప్పలమ్మ పెంటకుప్ప

దానియేలు యూనివర్సిటీ క్యాంపస్‌లో ల్యాబ్ అటెండరు. మాణికేశ్వర్ నగర్ నుంచి సైకిలు మీద వచ్చి, గాజు సామాను కడిగి, సార్లకు చాయ్ తెచ్చే మనిషి. చూస్తే చీమకు కూడా హాని చేయడనిపిస్తాడు. కానీ ఆయన పగ ఉందే, అమ్మో! రెండేళ్ళు దాన్ని బిడ్డలా సాకాడు.

సంగతేమంటే, వరిగడ్డిని తిని ఆల్కహాలు చేసే బాక్టీరియా కోసం ప్రొఫెసర్ వెంకటేశ్వర్లు గారు తెగ వెతుకుతున్న రోజులవి. దానియేలు అక్క ఉప్పలమ్మ గోల్నాకలో బర్రెలు పెంచేది. ఆమె దొడ్డిలోని పెంటకుప్ప నుంచి మురిగిన గడ్డి కాస్త కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు దానియేలు. అందులోనే దొరికింది! దానితో గడ్డి నుంచి బండ్లు నడిపే ఇంధనం చేయొచ్చని తేలింది. "మీ అక్క పేరు పేపర్లో వేయిస్తానయ్యా" అన్నాడు సారు. ఆ మాట విని ఉప్పలమ్మ గోల్నాకంతా చాటింది: "నా పెంటల పురుగుతోటి బస్సులు నడుస్తయంట!"

తొంభై నాలుగులో పేపర్లో పడింది. సారు ఫోటో, కింద 'నల్లమల అడవుల్లో కనిపెట్టిన బాక్టీరియా' అని. పెంటకుప్ప అంటే పరువు తక్కువ కాబోలు దొరగారికి! వాడకట్టంతా ఉప్పలమ్మను ఏడిపించింది.

"ఏందే ఉప్పలమ్మా, నీ బర్లు నల్లమలకు మేతకు పోయినయా?"

"తమ్మీ, నన్ను నవ్వులపాలు చేస్తివి గదరా" అని ఆమె ఏడ్చింది. నెల తిరక్కుండా బర్రెలను అమ్మేసింది. పెంటకుప్పను తోటలవాళ్ళు ఎరువు కోసం ట్రాక్టరులో తోలుకుపోయి పొలంలో దున్నేశారు. దానియేలు పళ్ళు నూరుకున్నాడే గాని, సారుకు చాయ్ తేవడం మానలేదు.

తొంభై ఆరు ఎండాకాలం సెలవుల్లో కరెంటు పోయి ఫ్రిజ్ ఆగింది. అందులో దాచిన గాజు గొట్టాలన్నిటికీ బూజు పట్టి బాక్టీరియా చచ్చింది. అప్పుడే పరిశోధనకు డబ్బిచ్చే ఢిల్లీ కమిటీ ఆ బాక్టీరియాను చూడ్డానికొస్తామని ఉత్తరం రాసింది. చెప్పిన అబద్ధానికి కట్టుబడి సారు విద్యార్థులను నల్లమలకు తోలాడు. మూడుసార్లు వెళ్ళి సంచుల కొద్దీ ఆకులు తెచ్చారు పాపం. ఆ సంచులు మోస్తూ దానియేలు లోలోపల పండగ చేసుకున్నాడు.

చివరికి సారు దానియేలును తార్నాకలోని తన ఇంటికి పిలిపించి, కుర్చీ వేయించాడు.

"మీ అక్క దొడ్డి ఎక్కడయ్యా? నన్నొకసారి తీసుకెళ్ళు."

"తీస్కపోత సార్. గని సోమవారం సెమినార్ల అందరి ముంగట మీ నోటితోని చెప్పాలె, గది యాడికెల్లి వచ్చిందో."

సారు ముఖం కందగడ్డలా అయింది. అయినా అవసరం ఆయనది! సోమవారం నిండు హాల్లో లేచి, "నల్లమల అన్నది అబద్ధం. అది గోల్నాకలో ఉప్పలమ్మగారి పెంటకుప్పలోది. తెచ్చింది దానియేలు" అన్నాడు. వెనక వరసలో తమ్ముడు తెచ్చి కూర్చోబెట్టిన ఉప్పలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తమ్ముడి కడుపు చల్లబడింది.

అక్కను బస్సెక్కించి, దానియేలు సారు కారులో గోల్నాక వెళ్ళాడు. కొత్త సీసా పట్టుకుని సారు దొడ్డిలోకి పరుగులాంటి నడక నడిచాడు. అక్కడ శుభ్రంగా ఊడ్చిన నేల తప్ప ఏమీ లేదు.

"కుప్ప ఏదయ్యా?"

"లేదు సార్. మీరు పేపర్ల పడ్డ నెలకే పోయింది."

"తెలిసే నాతో అంతమందిలో చెప్పించావా?"

"ఎందుకు తెల్వదు సార్? ట్రాక్టర్ల ఎత్తింది నేనే."