తునికిచెట్టు కింద

నా పెద్దపిల్ల చంకలో ఉన్న రోజులవి. ఒక సాయంత్రం జగ్గయ్యపేట దాటగానే బస్సు చెడిపోయింది. బాగుచేసేలోపు నెమళ్లను చూపిస్తానని, బస్సులో నా పక్కన కూర్చున్న లంబాడీ ఆమె మమ్మల్ని అడవిలోకి తీసుకెళ్లింది.

అక్కడ ఒక తునికిచెట్టు కింద రాలిన పండ్లు వృథాగా పోతాయని అన్నీ ఏరి ఒడిలో కట్టుకున్నాను.

"సగం వదలాలమ్మా. మా తండాలో అంతే," అందామె.

"ఎవరికి, చీమలకా?" అన్నాను.

అంతలో పొద వెనక నుంచి ఎలుగుబంటి లేచింది. పిల్ల నోరు మూశాను.

"పరిగెత్తకు. ఒడి విప్పు," అందామె మెల్లగా.

నా రెండు చేతులూ పిల్ల మీదే ఉన్నాయి. ఆమే ముడి విప్పి, పండ్లు కిందపోసి, మమ్మల్ని తన వెనక పెట్టుకుని ఒక్కో అడుగే వెనక్కి నడిపించింది. ఎలుగు పండ్ల దగ్గరే ఆగిపోయింది.

బస్సు బాగయ్యాక, నందిగామలో ఆమె వైపు చూడకుండానే దిగిపోయాను. తప్పు నాదని చెప్పడం అప్పటికి నాకు చేతకాదు.