చప్పుడు లేని మెట్టు

టైపత్తయ్య కుర్చీ క్లాసులో మూడో బెంచీ పక్కన, గోడకున్న ప్లగ్గుకి దగ్గరగా ఉంటుంది. ఆవిడ పాఠం చెప్పదు, పరీక్షా రాయదు. మాస్టారు నోరు విప్పగానే ఆవిడ వేళ్ళు కదులుతాయి. ఆయన మాటలు అక్షరాలై పక్కనున్న అమ్మాయి ముందరి తెర మీద వరసగా పడతాయి. ఆ అమ్మాయికి ఎనిమిదో ఏట జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. మాట మాత్రం మిగిలింది. చెవులు చేయాల్సిన పని కళ్ళతో చేసుకుని కాలేజీ దాకా వచ్చింది. కాలేజీ వాళ్ళు టైపత్తయ్యని పెట్టుకున్నది ఆమె ఒక్కదాని కోసమే.

పాఠం ఒక్కటే కొడితే సరిపోతుందని మొదట్లో ఆవిడకి చెప్పారు. ఆవిడ వినలేదు. ‘మాస్టారు దగ్గారు’, ‘వెనక బెంచీ నవ్వింది’, ‘బయట ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అవడం లేదు’ అని అన్నీ కొట్టేది. అందరూ నవ్వినప్పుడు ఎందుకు నవ్వారో తెలియకపోతే మనిషి గదిలో ఉండీ లేనట్టే కదా అని ఆవిడ వాదన.

ఆవిడ టైపు నేర్చుకున్నది పదిహేడో ఏట, సైకిల్ షాపు మీది గదిలో. ఆ మిషన్ల మీద మీటని అడుగంటా కొట్టకపోతే కాగితం మీద అక్షరం బదులు దాని నీడ పడేది. వేలితో కాదు, భుజంతో కొట్టమని చెప్పిన గురువు మాటని నలభై ఏళ్ళు జవదాటలేదు. దస్తావేజుల ఆఫీసులో అలాగే కొట్టింది, ప్రెస్సులో అలాగే కొట్టింది. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా కొట్టుడు మారలేదు. యాభై ఎనిమిదో ఏట కుడిచేతి చివరి రెండు వేళ్ళ కణుపులు వాచాయి. లాప్‌టాప్ మీటలు బల్లపరుపుగా ఉంటాయి కదా, ప్రతి అక్షరానికీ వేలు వెళ్ళి నేలకి గుద్దుకున్నట్టుండేది. రెండో గంటకల్లా నొప్పి మోచేతి దాకా పాకేది, మాటలు జారిపోవడం మొదలయ్యేది.

ఒకరోజు అలా జారిపోయిన మాట, యాసిడ్‌లో నీళ్ళు పోయకండి అన్నది. ఆ వాక్యం తెర మీదకి రానేలేదు. మధ్యాహ్నం ల్యాబులో ఆ అమ్మాయి నీళ్ళ గ్లాసు ఎత్తి వంచబోతుంటే పక్కమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. ఏమీ కాలేదు. కానీ టైపత్తయ్య ఆ సాయంత్రం బస్సులో తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, వేరేవాళ్ళ చేతుల్ని చూసినట్టు చూస్తూ ఇంటికెళ్ళింది.

సంగతి విని తమ్ముడు ఒక కీబోర్డు కొనుక్కొచ్చాడు. ఆటలాడేవాళ్ళ కోసం చేసిందట. పెట్టె మీద నిప్పులు కక్కే సింహం, దాని కింద ‘రెప్ప వేసేలోపు శత్రువు ఖతం’ అన్న అక్షరాలు. ఒక్క మిల్లీసెకనులో పలుకుతుందని, పది కోట్ల నొక్కుళ్ళకీ చెక్కు చెదరదని కూడా రాసుంది.

‘‘శత్రువెవర్రా? కెమిస్ట్రీ మాస్టారా?’’ అంది ఆవిడ.

‘‘స్పీడక్కా, స్పీడు. స్పీడుంటే మాట జారదు’’ అన్నాడు తమ్ముడు.

మర్నాడు క్లాసులో దాన్ని ప్లగ్గుకి పెట్టేసరికి ఏడు రంగుల దీపాలు గోడ మీద ఊరేగాయి. అది చాలదన్నట్టు, వేళ్ళు మీటల మీద ఊరికే ఆనించినా అక్షరాలు పడిపోయేవి. టైపు నేర్చుకున్నవాళ్ళకి పని లేనప్పుడు వేళ్ళు మధ్య వరస మీద ఆనించి ఉంచడం ఊపిరి లాంటి అలవాటు. మాస్టారు బోర్డు తుడిచే ఆ కాసేపట్లో అమ్మాయి తెర మీద ఒకే అక్షరం చీమల బారులా పేజీన్నర సాగింది. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక బెంచీ మీద తల వాల్చేసింది.

రెండోసారి తమ్ముడు ‘పాత టైపుమిషన్ అనుభూతి’ అని రాసున్నది తెచ్చాడు. ఈసారి పెట్టె అబద్ధమాడలేదు. ప్రతి నొక్కుకీ వేలి కింద చిన్న మెట్టు తగిలేది, దానితోపాటు టిక్కున మోగేది. వేళ్ళు తేలికపడ్డాయి, మాటలు జారడం ఆగింది. ఆ మోత మాత్రం రేకుల కప్పు మీద వడగళ్ళే. మూడో రోజుకి వెనక బెంచీలు ఫిర్యాదు చేశాయి. ప్రిన్సిపాల్ మర్యాదగానే పిలిచి, ఒక్కరి కోసం అరవైమంది పాఠం పోగొట్టుకోలేరు కదమ్మా అన్నాడు. సోమవారం నాటికి చప్పుడు లేకుండా చేసుకోగలిగితే సరే, లేకపోతే ఇంకొకర్ని చూసుకోవాల్సి వస్తుందన్నాడు.

క్లాసు మొత్తంలో ఆ చప్పుడు బాధించనిది ఒక్క ఆ అమ్మాయినే. సంగతి తెలిసి, ‘‘నువ్వు వెళ్ళిపోతే వెనక బెంచీ నవ్విందని నాకెవరు చెప్తారత్తా?’’ అని మాత్రం అడిగింది.

ఆ ఊళ్ళో కీబోర్డుల పిచ్చివాళ్ళ గుంపు ఒకటి ఉందని తమ్ముడే కనిపెట్టాడు. ఆదివారం పొద్దున్న ఒక మేడ మీద చేరతారట. ఆ మేడ కట్టుడు పళ్ళ సెట్లు చేసే ఆయనది. టైపత్తయ్య వెళ్తూ అమ్మాయిని కూడా తీసుకెళ్ళింది. గోడ పొడవునా అరల్లో మైనపు పళ్ళు, బల్ల మీద కీబోర్డులు, వాటి చుట్టూ ఎనిమిదిమంది. ఒకరు మీట నొక్కితే మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని వింటున్నారు. ఇది గోళీకాయలు రాలినట్టుందని ఒకరంటే, కాదు, చెక్కపెట్టె మూసినట్టుందని ఇంకొకరు. కీబోర్డు లోపల ఒక పొర దూది పరిస్తే శబ్దం గుండ్రంగా వస్తుందని ఒకాయన, గుండ్రం కాదు బోదకాలు వచ్చినట్టుంటుందని పక్కాయన. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ వినరనుకుంది టైపత్తయ్య.

సింహం పెట్టె చూసి అందరూ నవ్వారు. మిల్లీసెకన్లు నిజమే కావచ్చునని, మనిషి రెప్ప వేసి తెరిచేలోపు అలాంటివి వంద గడిచిపోతాయని పళ్ళ సెట్లాయన చెప్పాడు. తర్వాత మీట కింద ఉండే స్విచ్చి ఒకదాన్ని పట్టకారుతో విప్పి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఒక కాడ, ఒక స్ప్రింగు, ఉల్లిపొరంత రేకు. కాడకి రెండు చిన్న కాళ్ళు, కాలి మీద బియ్యపు గింజ మొనంత ఉబ్బు. కాడ దిగేటప్పుడు ఆ ఉబ్బు రేకుని రాసుకుంటూ పోతుందని, వేలికి తగిలే మెట్టు అదేనని, మెట్టు దాటీదాటగానే అక్షరం పడిపోతుందని చెప్పాడు. అడుగుదాకా వెళ్ళనక్కర్లేదట.

ఆవిడ అరచేతిలోని కాడని వేలితో అటూ ఇటూ కదిపి చూసింది. ‘‘అంటే సగం దారిలోనే పడిపోతుందా? ఇన్నాళ్ళూ మిగతా సగం నేను ఊరికే కొట్టానా?’’ అంది.

పళ్ళ సెట్లాయన తన సొంతానికి కట్టుకున్న కీబోర్డు తెచ్చి, లాప్‌టాప్‌కి తగిలించి ఆవిడ ముందు పెట్టాడు. మెట్టు ఉంటుంది, టిక్కు ఉండదు. అడుగున రబ్బరు మెత్త ఉంటుంది కాబట్టి తగిలినా వినపడదు. స్విచ్చి స్విచ్చికీ తనే గ్రీజు రాశాడు. అందరూ చెవులొగ్గి విని, పిల్లి నడకలా ఉందని మెచ్చుకున్నారు.

ఆవిడ నాలుగు వాక్యాలు కొట్టి ఆగింది. ‘‘కొన్నిటికి మెట్టు తగులుతోంది, కొన్నిటికి లేదు. నాలుగు మెట్లు దిగాక ఐదోది లేకపోతే పడతాం కదా బాబూ.’’

ఆయన ఒక్కో మీటా చెవి దగ్గర పెట్టుకుని నొక్కాడు. అన్నీ ఒకేలా ఉన్నాయన్నాడు. కీబోర్డు చేతులు మారింది, ఎనిమిదిమందీ విన్నారు, ఎనిమిదిమందీ అదే మాట. అప్పుడు ఆ అమ్మాయి చెయ్యి చాపింది. ఒకసారి అన్నిటినీ నొక్కి చూసి, స్విచ్చులు పీకి ఇమ్మంది. పళ్ళు ఆరబెట్టే తెల్లగుడ్డ పరిచి, కళ్ళు మూసుకుని ఎనభైయేడింటినీ ఒక్కొక్కటిగా బొటనవేలితో నొక్కి రెండు కుప్పలు చేసింది. ఎడమవైపు యాభై రెండు, కుడివైపు ముప్పై అయిదు. ఒక్కదాని దగ్గరా తడబడలేదు.

ఆయన కుప్పకొకటి చొప్పున విప్పి లెన్సు కింద పెట్టాడు. ఎడమ కుప్పలో కాళ్ళు పొడిగా ఉన్నాయి, కుడి కుప్పలో గ్రీజుతో మెరుస్తున్నాయి. మిగతావి చేసిన మరుసటి ఆదివారం చివరి ముప్పై అయిదూ చేశానని, శబ్దం పల్చగా ఉందని ఎవరో అంటే కాళ్ళక్కూడా బ్రష్షు తగిలించానని, శబ్దం నిజంగానే బాగుపడిందని మెల్లగా ఒప్పుకున్నాడు. ఆ గ్రీజే ఉబ్బుని జారుడుబండ చేసేసింది.

‘‘అందరూ వింటున్నారు. ఎవరూ ముట్టుకోవట్లేదు’’ అంది ఆ అమ్మాయి, తప్పు పడుతున్నట్టు కాదు, చూసింది చెబుతున్నట్టు.

పెదాలు చదివే పిల్ల కదా, ఏదన్నా అంటే తెలిసిపోతుందని కాబోలు, అందరూ మొహాలు కీబోర్డు వైపు తిప్పుకున్నారు. పళ్ళ సెట్లాయన లేచి స్పిరిట్ సీసా, పళ్ళ బ్రష్షులు తెచ్చాడు. మనిషికి నాలుగైదేసి స్విచ్చులు పంచుకుని కాళ్ళు కడిగారు. కడిగిన ప్రతిదీ అమ్మాయి బొటనవేలి కిందకి వెళ్ళేది. ఆమె తల ఊపితే లోపలికి, అడ్డంగా ఊపితే మళ్ళీ స్పిరిట్లోకి. పదేళ్ళుగా స్విచ్చుల మీద దెబ్బలాడుకుంటున్న మనుషులు ఒక పిల్ల తల ఎటు ఊగుతుందా అని ఊపిరి బిగబట్టి చూశారు. రెండోసారి స్పిరిట్లో పడ్డది పళ్ళ సెట్లాయన కడిగిందే.

మెట్టు దొరికింది గానీ నలభై ఏళ్ళ కొట్టుడు ఒక్క పూటలో ఎక్కడికి పోతుంది? మధ్యాహ్నమంతా ఆవిడ అక్కడే సాధన చేసింది. అమ్మాయి ఎదురుగా కూర్చుని అరచేయి బల్ల మీద పరిచింది. ఎవరికీ వినపడని ఆ అడుగు దెబ్బ ఆమె అరచేతికి తెలిసేది. ‘‘మళ్ళీ కొట్టావత్తా’’ అనేది. ‘‘ఇది కూడా.’’ ‘‘ఇది కొంచెం.’’ కాసేపటికి మాటలు తగ్గాయి. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. టైపత్తయ్య తలెత్తి చూస్తే ఆ అమ్మాయి తెర చదువుకుంటోంది. తన కణుపులు ఎప్పుడు నొప్పి మానాయో ఆవిడకి గుర్తు లేదు.

పళ్ళ సెట్లాయన కీబోర్డుని గుడ్డసంచిలో పెట్టి ఇచ్చాడు. వద్దంటే, ఇది నా చెవి కోసం కట్టింది, నా చెవి ఏపాటిదో ఇవాళ తెలిసింది, తీసుకెళ్ళండి అన్నాడు.

సోమవారం కెమిస్ట్రీ మాస్టారు బోర్డు మీద తారీఖు వేసి, పాఠం మొదలుపెట్టి, పది వాక్యాలు చెప్పి ఆగాడు. వడగళ్ళ చప్పుడు లేదు. మూడో బెంచీ వైపు చూశాడు. టైపత్తయ్య ముందుకి చూస్తూ బొమ్మలా కూర్చుని ఉంది.

‘‘ఏమ్మా, ఇంకా మొదలుపెట్టలేదా?’’ అన్నాడు.

అమ్మాయి తన తెరని మెల్లగా ఆయన వైపు తిప్పింది. పది వాక్యాలూ ఉన్నాయి. వాటి కింద ‘ఏమ్మా, ఇంకా మొదలుపెట్టలేదా’ అని ఉంది. ఆయన చూస్తుండగానే దాని కింద ఇంకో వరస పడింది: ‘మాస్టారు దగ్గరికొచ్చి కళ్ళజోడు పైకి తోసుకుని చదువుతున్నారు. వెనక బెంచీ నవ్వింది.’